మా అత్త అనని మాట

మొన్న ఆదివారం మా మనవరాలి ఫోనులో మా నూకాలమ్మత్త కనిపించింది. అత్త పోయి చాలా ఏళ్ళయింది. నేను అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నాను. సంధ్య గుమ్మానికి జారగిలబడి ఫోను చూసుకుంటూ ఒక్కసారిగా పకపకా నవ్వింది. రుషికొండ దగ్గర అద్దాల మేడలో దానికి ఉద్యోగం. సెలవు రోజు కూడా ఆ ఆఫీసువాళ్ళ ముచ్చట్లు ఫోనులోకి వచ్చి పడుతూనే ఉంటాయి. "ఏటే అంత నవ్వు?" అన్నాను. "మా గ్రూపులో తాతా. ఎవడైనా టైము కన్నా ముందు ఇంటికి జారుకుంటే ఇది పడేస్తారు, సూడు," అని ఫోను నా మొహం ముందు పెట్టింది. బొటనవేలంత బొమ్మ. కదిలే బొమ్మ. ముతక కోక, ముక్కుకి రెండువైపులా బేసర్లు, వెనకాల సముద్రం. పెదాలు కదులుతాయి, ఆగుతాయి, మళ్ళీ మొదటి నుంచి కదులుతాయి. శబ్దం లేదు. కింద పచ్చటి అక్షరాలు: 'ఎటెల్పోతన్నావురా సచ్చినోడా!'

సగం ఒలిచిన రొయ్య నా వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. "ఈవిడెవరో తెలుసా నీకు?" అన్నాను. "ఏదో పాత సినిమాలో కామెడీ ఆంటీ తాతా, అందరూ వాడతారు," అంది తేలిగ్గా. కామెడీ ఆంటీ! నా జన్మలో చాలా మాటలు పడ్డాను, చాలా విన్నాను. ఆ రెండు మాటలకి మాత్రం చేతిలో రొయ్యని గిన్నెలో పడేశాను. దాని ముత్తాతకి తోడబుట్టిన చెల్లెలు ఆవిడ. తల్లి లేని నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఆవిడ నోట ఆ మాట ఎన్నడూ రాలేదని సంధ్యకి చెప్పడానికి కూర్చుంటే పొద్దు గూకిపోతుందనిపించింది. అయినా చెప్పాను. మిగిలిన నవ్వేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకా చదివాను, మిగిలినదంతా నేను పనిచేసిన ఐసు ఫ్యాక్టరీకి పాత సామాన్ల కొట్టు నుంచి వచ్చే కాగితాలూ, టౌనులో లైబ్రరీ పుస్తకాలూ చదివి నేర్చుకున్నదే. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి. మాట మాత్రం నిజం.

మా అత్త ఇంటి వాసన ఒకటుండేది. నా చిన్నప్పుడు ఇంకా నూలు వలలే. వాటికి తుమ్మచెక్క ఉడకబెట్టి రంగు పట్టించేవాళ్ళు. పెద్ద డేగిసాలో చెక్క కుతకుతమంటుంటే ఆ వగరు వాసన, పైన కప్పు మీద ఆరే ఎండుచేపల వాసన, దానికి తోడు అత్త కాల్చే చుట్ట వాసన. మా వైపు ఆడవాళ్ళు చుట్ట కాల్చడం తెలియని వాళ్ళకి చెప్పాలి. నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుంటారు. దాన్ని అడ్డపొగ అంటాం. అత్త నోట్లో నిప్పు పెట్టుకునే కూర దింపేది, పిల్లల తల దువ్వేది, చేపలు బేరమాడేది. ఆవిడ గురించి మా పేటలో ఒక మాట ఉండేది: నోట్లో నిప్పు జారనియ్యదు, నోటి నుంచి మాట జారనియ్యదు. తరవాత నైలాను వలలొచ్చాయి, తుమ్మచెక్క వాసన పోయింది. చుట్ట వాసన, మాట జారనియ్యకపోవడం, ఈ రెండూ మాత్రం అత్తతో చివరిదాకా ఉన్నాయి.

మాట అంటే ఆ ఇంట్లో ఊరికే కాదు. మగవాడు వేటకి బయల్దేరుతున్నప్పుడు 'వెళ్తున్నాడు' అనకూడదు. ఎక్కడికని అడగకూడదు. వెనక నుంచి పిలవకూడదు, గొడుగు మరిచిపోయినా, అన్నం క్యారేజీ మరిచిపోయినా సరే. నేను చిన్నతనంలో ఒకసారి 'మావా' అని కేకెయ్యబోతే అత్త అరచేత్తో నా నోరు మూసింది. ఆ అరచేతిలో పొగాకు ఘాటు ఇప్పటికీ గుర్తుంది. తెల్లారకట్ట పడవ నీళ్ళలో పడేముందు అత్త ఇసుక మీద పసుపు నీళ్ళు చల్లి, పడవ కదలగానే సముద్రానికి వీపు పెట్టి, ఇంటివైపు తిరిగి నిలబడేది. పోయేవాణ్ణి చూడకూడదు. వచ్చేవాణ్ణే చూడాలి. అప్పుడు గంగమ్మతో ఒక మాట అనేది: "గంగమ్మ తల్లీ, బిడ్డొచ్చేత్తన్నాడు, తలుపు తీసే ఉంది." పోయేవాడి గురించి వచ్చేస్తున్నాడని చెప్పడం. అంతే ఆ పూజ. మా పేటలో ఒక్కో ఇంట్లో మాట ఒక్కోలా ఉన్నా పెద్ద మార్పు లేదు, అందరికీ అందరి మాటా నోటికొచ్చు. మా మామయ్య ఆఖరిసారి వెళ్ళిన పూట సైకిలు మీద పోయే ఎవడో ముక్కూమొహం తెలియనివాడు "ఏటి మావా, ఎక్కడికి?" అని వెనక నుంచి కేకేశాడట. మామయ్య తిరిగి రాలేదు. నేను పుస్తకాలు చదివినవాణ్ణి, దానికీ దీనికీ ముడిపెట్టను. కాని అత్త ముడిపెట్టుకుంది. ఆ తరవాత కొడుకు పోలరాజు పడవెక్కే ప్రతి పొద్దూ ఇసుక మీద నిలబడింది. జ్వరమొచ్చినా నిలబడింది.

నేను ఫిషింగ్ హార్బర్ పక్కన ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. అత్త హార్బర్లో చేపల పాట పెట్టేది, అంటే వేలం వేసేది. వంజరం కుప్ప ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ధర అంటే అవతలి జెట్టీ మీద ఉన్నవాడు కూడా తల తిప్పేవాడు. పొగకి గీరుకుపోయిన గొంతు, కాని తెగేది కాదు. తొంభైలు మొదలైన రోజులు. విశాఖలో సినిమా షూటింగులు రోజుకొకటి. బీచ్ రోడ్డు మీద, లైట్‌హౌసు దగ్గర, కైలాసగిరి మీద, ఎక్కడ చూసినా తాళ్ళు కట్టి జనాన్ని వెనక్కి తోసేవాళ్ళు. అలాంటి ఒక కంపెనీ మనిషి చేపలు కొనడానికొచ్చి అత్త పాట విని నోరెళ్ళబెట్టాడు. మర్నాడు డైరెక్టరునే తీసుకొచ్చాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ గొంతే కావాలయ్యా, ఈ గొంతే," అన్నాడు. నేను పక్కనే ఐసు బండి మీద ఉన్నాను, ఈ చెవులతో విన్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కథ మా జాలరి పేటదేనట. హీరో జాలరి కుర్రాడు, హీరోయిన్ జాలరి పిల్ల, అత్తది హీరో తల్లి వేషం. పేటంతా కదిలింది. మొదటి రోజు మేకప్ దగ్గర నేను చూసింది ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. బొంబాయి నుంచి వచ్చిన హీరోయిన్ పాలమీగడలా ఉంది. మేకప్ మనిషి ఆ అమ్మాయికి చేతులకీ మెడకీ మొహానికీ గోధుమరంగు ముద్ద పట్టించి నల్లబరుస్తున్నాడు. పక్కనే మా పేట ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఇంకొకడు తెల్లపొడి అద్దుతున్నాడు. కెమెరాకి వీళ్ళ మొహాలు ఆనవట! జాలరి పిల్ల కాని పిల్లని జాలరి పిల్లని చెయ్యడానికి ఒక డబ్బా, జాలరి పిల్లల్ని ఏం చెయ్యడానికో ఇంకో డబ్బా. అత్త మొహానికి కూడా పొడి కొట్టారు. ఆవిడ అద్దంలో చూసుకుని, "ఏటి బాబూ, ఉప్పులో ఊరేసిన సేపలాగ సేసీసినావు నన్ను? ఎండలో ఎడితే రేపటికి అమ్ముడైపోతాను," అంది. అందరూ నవ్వారు, మేకప్ మనిషి కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ హీరోయిన్ అమ్మాయి మా పిల్లల మొహాలూ తన చేతులూ మార్చి మార్చి చూసుకుంది. ఆ పసిదాని తప్పేముంది లెండి.

అత్త సీను చిన్నదే. కొడుకు వేటకి పోతుంటే తల్లి వెనక నుంచి పిలిచి 'ఎక్కడికిరా' అనాలి, తిట్టాలి. అసిస్టెంటు కాగితం చదివి వినిపించగానే అత్త చుట్ట తీసి పారేసింది. "ఆ మాట నాననను బాబూ." "అమ్మా, ఇది సినిమా. నిజం కాదు." "ఈ ఒడ్డు నిజమే గదా? ఆ సముద్రం నిజమే గదా? నా కొడుకు ఇప్పుడు ఆ నీల్ల మీదే ఉన్నాడు. నానీ ఒడ్డు మీద నిలబడి ఆ మాట అంతే ఇనేది మీరు కాదు." అసిస్టెంటు బతిమాలాడు, కసురుకున్నాడు, చివరికి డైరెక్టరు దాకా పోయింది. ఆయన విని, "మరి మీవాళ్ళేమంటారు? అదే చెయ్యండి, ఇంకా బాగుంటుంది," అన్నాడు. పెద్దమనిషే అనుకున్నాం. కెమెరా ఇంటివైపున, సముద్రానికి ఎదురుగా పెట్టారు. హీరో వెనకాల పడవవైపు పోతున్నాడు. అత్త పసుపు నీళ్ళు చల్లి, సముద్రానికి వీపు పెట్టి, కెమెరాకి ఎదురుగా నిలబడి పెదాలు కదిపింది. మమ్మల్నందర్నీ తాడుకి ఇవతల ఆపేశారు. జనరేటరు రొద, అలల రొద. ఆవిడేమందో మాలో ఎవరికీ వినబడలేదు. కాని తెలియనిదెవరికి? డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. అత్త ఇటు వచ్చి నా చెవిలో, "ఆడు నిజంగానే పడవెక్కీసినట్టు అనిపించినాదిరా అప్పన్నా. పరాయి బిడ్డే గానీ ఊరికే ఒగ్గీలేను గదా," అంది.

సినిమా వచ్చిన రోజు పేట మొత్తం టౌనుకి కదిలింది. అత్త కొత్త కోక కట్టింది. హాల్లో మా వాళ్ళంతా ఒకవైపు, తక్కినవైపు ఊరి జనం. హీరో నోరు తెరిచేసరికే నాకు మొదటి దెబ్బ తగిలింది. మా పేటలో పుట్టి మా గంజి తాగినవాడట, మాట్లాడేది మాత్రం ఏ కృష్ణాజిల్లా కరణంగారబ్బాయో మాట్లాడినట్టు. హీరోయిన్ అంతే. మరి మా యాస ఎవరికిచ్చారయ్యా అంటే విలన్ పక్కనుండే తాగుబోతుకి, పనిమనిషికి, దొంగకి. ఎవడైనా 'ఏటి' అంటే చాలు, హాలు ఘొల్లుమంటుంది. ఒకే గుడిసెలో పుట్టిన అన్నదమ్ముల్లో ఆడిపాడేవాడికి ఒక భాష, తన్నులు తినేవాడికి ఇంకో భాష! అప్పుడొచ్చింది అత్త. తెర నిండా మా అత్త మొహం. మా పేట ఆడవాళ్ళు కళ్ళార్పకుండా చూస్తున్నారు. ఆవిడ పెదాలు కదిలాయి. ఎవతో కీచుగొంతు, మద్రాసులో ఏ గదిలో కూర్చుని అరిచిందో, మా యాసని వెక్కిరిస్తున్నట్టు సాగదీసి, "ఎటెల్పోతన్నావురా సచ్చినోడా! సేపల్తో పాటు నువ్వూ సావు!" అంది. హాలు విరగబడి నవ్వింది. ఈలలు. మా వైపు మాత్రం సమాధిలా అయిపోయింది. వెనక నుంచి పిలుపు. ఎక్కడికన్న ప్రశ్న. చావు. ఒడ్డు మీద అనకూడని మూడూ, మా అత్త నోట్లోంచి, ఒక్క ఊపిరిలో.

అత్త కేసి తిరిగాను. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. బయటికొచ్చాక మా వాళ్ళెవరూ ఆవిడ దగ్గరికి రాలేదు, కళ్ళెత్తి చూడలేదు. ఒక్క గురవయ్య తప్ప. గురవయ్య మా పేటలో వలలు అల్లేవాడు, పుట్టు చెవిటివాడు, మాట కూడా లేదు. అతను మాత్రం మొహం వెలిగిపోతూ వచ్చి అత్తకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "సిగ్గునేదు ఈడికి, ఎటకారం సేత్తన్నాడు," అని ఎవరో అతన్ని పక్కకి లాగారు.

ఆ వారమే పోలరాజు బావ పడవ రాలేదు. ఇంజను చెడి భీమిలి అవతల ఎక్కడో కొట్టుకుపోయి, వేరే పడవ తాడు కట్టి లాక్కొచ్చేసరికి ఇక్కడ మనుషులు సగం చచ్చారు. ప్రాణాలతో వచ్చారు. కాని మాట మొదలైంది. ఈసారి వచ్చారు, మళ్ళీసారి? నేను పేట మధ్యలో నిలబడి గొంతు చించుకున్నాను: అది డబ్బింగు, గొంతు ఆవిడది కాదు, ఎవరో మద్రాసు మనిషిది. పిలిచేదైతే సముద్రానికి వీపు పెట్టి ఎందుకు నిలబడుతుంది, అది కూడా చూడరా? కులపెద్ద సింహాద్రి తాత గడ్డం గోక్కుంటూ, "గొంతు సంగతి నాకూ తెలుసురా. మరి ఆ పూట ఒడ్డు మీద అదేటందో నువ్విన్నావా?" అన్నాడు. "అందరికీ తెలిసిన మాటే అంది తాతా." "ఇన్నావా, ఇనలేదా?" వినలేదు. జనరేటరు రొదలో ఎవరు విన్నారు? "ఇనలేదు గదా. మేనల్లుడివి, అలగే అంతావు. సినిమావోల్లు ఏటనమంతే అదే అని ఉంటాది. నోరు దానిదే గదా?" అన్నాడు. తరవాత నుంచి పడవలు నీళ్ళలో పడే వేళకి అత్త ఒడ్డుకి రాకూడదన్నారు. ఎవరూ గట్టిగా చెప్పలేదు. పోలరాజు బావ పెళ్ళామే అతన్ని వెనక సందులోంచి తీసుకెళ్ళడం మొదలెట్టింది, అత్త కంటపడకుండా. కొడుకు అడుగుల చప్పుడు సందులో వినబడుతుంటే అత్త పసుపు నీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉండేది. ఇది నేను చూశాను. హార్బర్లో పాట పెడుతుంటే లారీ కుర్రాళ్ళు ఆ కీచుగొంతుతో "ఎటెల్పోతన్నావురా" అని అరిచేవాళ్ళు. అత్త పాట మానేసింది. చుట్ట నోట్లో పెట్టుకుని, ఆ గొంతు ఇక ఎవరికీ వద్దన్నట్టు కూర్చునేది. ఒకరోజు నాతో, "నా నోరు నాది కాకుండా పోనాదిరా," అంది.

నాకు అప్పట్లో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఒక స్నేహితుడుండేవాడు, వెంకటరత్నం గారు. కృష్ణా జిల్లా మనిషి, పోర్టులో ఉద్యోగం, మల్కాపురంలో కాపురం. ఆదివారం చేపలకొచ్చేవాడు. ఆ ఆదివారం వస్తూనే భుజం మీద చరిచి, "ఏవయ్యా అప్పన్నా, మీ అత్త భలే నవ్వించిందయ్యా! మా ఆవిడైతే కడుపు పట్టుకుంది," అన్నాడు. ఆయన్ని తిట్టాలో కొట్టాలో తెలియలేదు. జరిగిందంతా చెప్పాను. ఆయన సంచీ కింద పెట్టాడు. "మా ఊళ్ళోనూ వెనక నుంచి పిలవరు కదయ్యా," అన్నాడు మెల్లగా. "అదెలా తట్టలేదు నాకు?" ఎలా తడుతుంది? ఆయన మా యాస విన్నాడు, నవ్వేశాడు. ఆ మాట ఎవరి అమ్మ అన్నా నవ్వేవాడు కాదు, మా అమ్మ అన్నట్టుంటే నవ్వాడు. ఈ ముక్క ఆయన మొహం మీదే అన్నాను. ఆయన కాదనలేదు.

సరిగ్గా ఆ మాటల మధ్యలోనే గురవయ్య గుర్తొచ్చాడు నాకు. హాలు నుంచి బయటికొచ్చినవాళ్ళలో దండం పెట్టింది అతనొక్కడే. పరుగున వలల పాకకి పోయాను. పసుపు నీళ్ళు చల్లినట్టు చేసి, 'ఏమంది?' అని చేత్తో అడిగాను. గురవయ్య వెంటనే సముద్రానికి వీపు పెట్టి, చేతులు జోడించి, తలుపు తెరిచినట్టు రెండు చేతులూ విప్పాడు. హాలంతా చెవులతో చూసింది, ఇతనొక్కడే కళ్ళతో విన్నాడు.

సముద్రం పోటు మీదుండి పడవలన్నీ పైకి లాగేసిన ఒక మధ్యాహ్నం వెంకటరత్నం గారు తన టీవీనీ వీసీఆర్‌నీ దుప్పట్లో చుట్టి రిక్షాలో మా పేటకి తెచ్చారు. సినిమా క్యాసెట్టు కూడా అద్దెకి తెచ్చారు. వలల పాకలో పెట్టాం. సింహాద్రి తాతని ముందు కూర్చోబెట్టాం. అత్త రానంది. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆ సీను దగ్గరికి రాగానే వెంకటరత్నం గారు శబ్దం పూర్తిగా తగ్గించేశారు. "మాటొద్దు. నోరు సూడండి," అన్నాను. తెర మీద అత్త. పెదాలు కదిలాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. అప్పుడు పోలరాజు బావ పెళ్ళాం, ఇన్నాళ్ళూ మొగుణ్ణి వెనక సందులో తిప్పిన మనిషి, ముందుకి వంగింది. "పెదాలు కలిసినాయి సూడండి," అంది. "అమ్మ అనాలంతే పెదాలు కలవాల. 'సచ్చినోడా'కి కలవవు." మళ్ళీ వేశారు. గంగమ్మ దగ్గర పెదాలు కలిశాయి. బిడ్డ దగ్గర కలిశాయి. ఈసారి పాకలో ఎవరో ముసలావిడ పెదాల కింద గొణిగింది, ఇంకొకరు అందుకున్నారు. నాలుగోసారి వేసేసరికి పేట ఆడవాళ్ళంతా తెరతో కలిసి, అక్షరం తప్పకుండా, ఆ పెదాలకి తమ గొంతులిచ్చారు: గంగమ్మ తల్లీ, బిడ్డొచ్చేత్తన్నాడు, తలుపు తీసే ఉంది. వెంకటరత్నం గారు టీవీ మీద చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడిపోయారు.

సింహాద్రి తాత గొంతు సవరించుకుని, "గంగమ్మ ఒడ్డు మీద ఇన్నది. అమ్మోరు టిక్కెట్టు కొనుక్కుని సినిమా హాలుకెల్లదు గదా," అన్నాడు. ముందు ఎవరో ముక్కులోంచి నవ్వారు, తరవాత అందరూ. అత్త మాత్రం నవ్వలేదు. "మరి ఊరోల్లు ఎల్తారు గదా మావా," అంది. మళ్ళీ పడవలు నీళ్ళలో పడిన మొదటి తెల్లారకట్ట పోలరాజు బావ వెనక సందులోంచి పోకుండా ముందు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నీల్లు," అన్నాడు. అత్త చెంబు తీసుకుని నడిచింది. ఆవిడ ఆఖరిదాకా ఒడ్డు మీద నిలబడింది. కాని చేపల పాట మళ్ళీ పెట్టలేదు. మా హార్బర్లో ఆ గొంతు పోయింది. ఒక డైరెక్టరు మెచ్చుకుని మరీ తీసేసిన గొంతు.

తరవాత టీవీలొచ్చాయి, కేబులొచ్చింది. రెండు వేల సంవత్సరం దాటాక ఇంటింటికీ సీరియళ్ళు, కామెడీ షోలు. నేను చూస్తూనే ఉన్నాను, పనిమనిషి ఇంకా మా యాసే మాట్లాడుతోంది. హీరోకి ఇంకా మా యాస రాలేదు. నలుపు చెయ్యడానికి ఒక డబ్బా, తెలుపు చెయ్యడానికి ఒక డబ్బా, రెండూ ఇంకా ఖర్చవుతూనే ఉన్నాయి. ఈ మధ్య పెద్ద హీరోలు కూడా మా యాస మాట్లాడుతున్నారని సంధ్య అంటుంది, నాకు ఒకటి రెండు చూపించింది కూడా. మంచిదే. నేర్పించినవాడెవడో నా అంత వయసు మనిషై ఉంటే అతని చెయ్యి పట్టుకోవాలనుంది. కాని ఈ బొటనవేలంత బొమ్మ చూశాక నాకు మళ్ళీ మొదటి రోజు హాల్లో కూర్చున్నట్టే అయింది. అప్పుడు కనీసం టిక్కెట్టు కొన్నవాడే నవ్వాడు. ఇప్పుడు ఎవడు చేశాడో తెలియదు, ఎంతమంది నవ్వుతున్నారో తెలియదు, చచ్చిపోయిన మనిషికి సెలవు లేదు.

సంధ్యకి ఇదంతా చెప్పేసరికి రొయ్యల మీద ఈగలు మూగాయి. అది ఆ బొమ్మని మళ్ళీ మళ్ళీ చూసింది. "శబ్దం లేదు కదా తాతా దీనికి," అంది చివరికి. నిజమే. ఆ రోజు మేము వెంకటరత్నం గారి టీవీలో నొక్కి తగ్గించిన గొంతు దీనికి అసలే లేదు. మిగిలింది ఆ పచ్చటి అక్షరాలే. నేను ఫోను అందుకున్నాను. "తాతా, నీ సేతులు! రొయ్యలు!" అంటూనే ఉంది. అక్షరాల మీద బొటనవేలు అడ్డం పెట్టాను. అత్త మొహం, ముక్కు బేసర్లు, వెనక సముద్రం. పెదాలు కలిశాయి. విడిపోయాయి. మళ్ళీ కలిశాయి. సంధ్య నా భుజం మీదుగా వంగి చూస్తోంది, దాని పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి. గంగమ్మ తల్లీ. బిడ్డొచ్చేత్తన్నాడు. అయిపోయిందనుకునేలోగా బొమ్మ మళ్ళీ మొదలవుతుంది, అత్త మళ్ళీ అంటుంది, మళ్ళీ తలుపు తీసే ఉందంటుంది. వేలు తీస్తే ఆ పచ్చక్షరాలు. తియ్యలేదు.